షట్టరు బయట మూడు జతలు

తెల్లవారేసరికి మబ్బు బాగా కిందికి దిగి ఉంది. వెలుతురు రాకముందే వాన పట్టుకుంది. అందుకే ఆ రోజు దర్జీ ఇంట్లోవాళ్ళు వేళకు షాపులోంచి బయటపడలేకపోయారు.

రోడ్డు వెడల్పు చేసినప్పుడు వాళ్ళుండే గది పోయింది. దగ్గే ముసలమ్మను చూసి మరో గది ఎవరూ ఇవ్వలేదు. షాపు తాళం దర్జీ దగ్గరే ఉంటుంది. షాపు నడిపే మాస్టరుకు తెలియకుండా తల్లినీ భార్యనూ అక్కడే పడుకోబెడుతున్నాడు. కత్తిరింపు బల్ల కింద గుడ్డపీలికలే పరుపు. మాస్టరు వచ్చేలోగా ఆడవాళ్ళిద్దరూ ఆసుపత్రి వరండాకు పోయి రోగుల తాలూకు మనుషుల్లా కూర్చుంటారు. ఇల్లెక్కడని ఎవరడిగినా దర్జీ "ఇక్కడే, దగ్గర్లోనే" అంటాడు.

"మరీ అంత దగ్గరని చెప్పకురా" అని తల్లి నవ్వుతుంది.

ఆ పూట మూల స్టవ్వు మీద అన్నం ఉడుకుతోంది. వాన సన్నబడితే పోదామని చూస్తున్నారు. భార్య ఉన్నట్టుండి బిగుసుకుపోయింది.

"ఏమండీ, చెప్పులు."

"చెప్పులేంటి?"

"రాత్రి బయటే విప్పాను. మీవీ, అత్తయ్యవీ కూడా వరసగా సర్దాను. ఇల్లనుకున్నానండీ."

షాపులోకి ఎవరూ చెప్పులు విప్పి రారు. దర్జీ గడియ తీసి షట్టరు మీద చెయ్యి వేశాడు. అప్పుడే అవతల గొడుగు ముడిచిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు. కింది సందులోంచి రెండు బూట్లు కనిపించాయి. చెప్పుల ముందు ఆగి ఉన్నాయి. కదలవే!

ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అయినా దగ్గు ఆగలేదు.

షట్టరు లేచింది. మాస్టరు పీలికల పరుపును చూశాడు, గిన్నెను చూశాడు, మిషను వెనక నక్కిన ముసలమ్మను చూశాడు. దర్జీ చేతులు కట్టుకు నిలబడ్డాడు. నీడా పోయింది, పనీ పోయింది అనుకున్నాడు.

"రా నాయనా, లోపలికి రా. తడుస్తున్నావు" అంది ముసలమ్మ, ఆయన షాపులోకి ఆయన్నే పిలుస్తూ.

మాస్టరు వీధి అటూ ఇటూ చూశాడు. ఆయన మొహంలోనూ నెత్తురు లేదు.

"బిల్డింగాయన రోజూ ఈ దారినే నడకకు పోతాడు. చూశాడంటే మీతోపాటు నన్నూ, నా మిషన్లనూ రోడ్డున పారేస్తాడు. తెలుసా?"

"వాన తగ్గగానే పోతాం మాస్టర్."

"ఎక్కడికి పోతావయ్యా?"



మాస్టరు వంగి మూడు జతలూ ఏరి లోపల పెట్టాడు. వాటి పక్కనే తన బూట్లూ విప్పాడు. ఆ షాపులో ఆయన బూట్లు విప్పగా దర్జీ ఎన్నడూ చూడలేదు. షట్టరు చప్పుడు కాకుండా దించి, "ఇకమీదట చెప్పులు లోపలే" అన్నాడు గొంతు తగ్గించి.

ఉన్నవి మూడు కంచాలు. భార్య గిన్నె మూతలో పెట్టుకుంది. నలుగురూ బల్ల కింద దగ్గరగా కూర్చున్నారు. బయట ఎవరివో అడుగులు వచ్చి షట్టరు ముందు ఆగాయి. చేతులు కంచాల్లో ఆగిపోయాయి. ముసలమ్మ ఊపిరి బిగబట్టింది. అడుగులు దాటిపోయాక ముద్ద మళ్ళీ నోటికి పోయింది.