పైకి చదవండి

ఫోన్లో ఎవడో పిన్ చెప్పండి అంటే నర్సమ్మకి పిన్నీ చెప్పండి అని వినబడిందట, పరాయివాడు పిన్నీ అంటే ఏ ఆడమనిషి మనసు కరగదు అని దర్జీ అనగానే గ్రంథాలయం గదిలో కంప్యూటర్ల వెనక ఎనిమిది బోసినోళ్ళు విచ్చుకున్నాయి, నవ్వండర్రా, పళ్ళెటూ లేవు, బుద్ధి కూడా ఊడిందా అని టైపు మాస్టారికి ఒళ్ళు మండిపోయింది, మాట దొరికితే చాలు విరిచి శ్లేష కట్టే తనకే ఈ శ్లేష శ్లేష్మంలా గొంతుకడ్డం పడింది, నర్సమ్మ నవ్వడం లేదు మరి, ముప్పై ఏళ్ళు ఆస్పత్రిలో సూది తప్పని చెయ్యి ఇవాళ ఒళ్ళో ముడుచుకుని కూర్చుంది, తలుపు దగ్గర ఆమె కొడుకు, వాడి జేబులో ఆమె ఫోను, మెసేజీల ఖాతా ఎలాగో వెనక్కి తెచ్చాను మాస్టారూ, ఈలోపే ఆ దొంగ అమ్మ పేరుతో చుట్టాలందరికీ ఆదుకోమని మెసేజీలు పెట్టాడు, పరువు పోయింది, ఇక మీ కంప్యూటరు, ఫోను క్లాసులొద్దు, ఈవిడకి బటన్ల ఫోను చాలు అంటాడు, చాలట, ఏ గజంబద్దతో కొలిచావు నాయనా, మంచం దిగలేని చెల్లెలి మొహం మీ అమ్మ రోజూ సాయంత్రం ఆ తెర మీదే కదా చూసుకుంటుంది, ఇక నీ చొక్కా బటన్లలో వెతుక్కోమంటావా, అయినా ఈవిడ మాత్రం, ఇంత చదువుకుని, ఎవడో అడగ్గానే చెప్పేయడమేనా, ఎందుకు చెప్పారమ్మా అని అరిచేశాడు, అరిచాక గానీ తెలియలేదు అంత గట్టిగా అరిచానని.

నేను చెప్పలేదు మాస్టారూ, చదివాను, అంది నర్సమ్మ, తల ఎత్తకుండానే, వాడు స్పీకర్లో మాట్లాడుతున్నాడు, తెరమీద ఆరంకెలు వచ్చాయి, ఏది నొక్కే ముందైనా పైకి చదవమన్నారుగా మీరు, అక్కడ రాసే ఉంది.

రాసే ఉంది, బోర్డు మీద, తన గుండ్రటి దస్తూరీలో, నలభై ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పిల్లల వేళ్ళమీద స్కేలుతో కొట్టి నేర్పిన పాఠం, చూసి, పైకి చదివి, అప్పుడు కొట్టు, అదే తెచ్చి ఇక్కడ అతికించాడు, వీళ్ళు చూడకుండా ఏదిపడితే అది నొక్కేస్తున్నారని, టైపు మిషనుకి చెవులుండవు, ఫోనుకుంటాయి, ఆ ముక్క చెప్పాడా, ఆ అంకెలు ఎవరికీ చెప్పకూడదన్న సంగతి వచ్చే వారం చెబుదాంలే అనుకున్నాడు, దొంగకి వచ్చే వారం దాకా ఆగే ఓపిక ఎక్కడిది, దర్జీ మీద, కొడుకు మీద, ఆ స్పీకర్లో వెధవ మీద, ఆఖరికి ఈ తల్లి మీద కూడా ఎగిరాడు, క్లాసు మొత్తంలో తన మాట పొల్లుపోకుండా విన్న ఒకే ఒక్క మనిషి మీద.

వినండర్రా, అన్నాడు, పిన్నీ లేదు గిన్నీ లేదు, ఈవిడ మోసపోయింది వాడి మాటకి కాదు, నా పాఠానికి, ఆమె చేసింది నేను చెప్పిందే, దర్జీ గారూ, ఆ ఫోను మోగుంటే మీరూ చదివేవారే, అని డస్టరుతో పైకి అన్న మాట తుడిచేసి, ఫోన్లో మనిషి ఉంటే మనసులోనే, అని రాశాడు, సుద్ద రెండు ముక్కలైంది, ఎవరూ నవ్వలేదు, నర్సమ్మ కొడుకు వైపు చెయ్యి చాపింది, వాడు జేబు తడుముకుని, బోర్డు ఇంకోసారి చదువుకుని, ఫోను తీసి ఆ చేతిలో పెట్టాడు, ఇందాకటి నుంచి గదంతా తిరిగిన కోపం ఇప్పుడొచ్చి సరైన చిరునామాలో కూర్చుంది, సుద్ద అంటిన తన చేతుల్లో.