మంచినీళ్ల మర్యాద

మా ఆయన సీసా మూత తీసి, "మంచినీళ్లు తాగు" అన్నారు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నాకు నీళ్లందించడం అదే మొదలు. మా ఇంట్లో నీళ్లు ఒక వైపుకే నడుస్తాయి. బిందెలోంచి నా చేతికి, నా చేతిలోంచి ఆయన చేతికి. హారతిని కన్న కొత్తలో కుట్లు సలుపుతుంటే, మంచం మీదనుంచి లేవలేక దాహమేస్తోందన్నాను. "అమ్మా, దుర్గకి మంచినీళ్లట" అని వంటింటివైపు ఓ కేకేసి ఆయన పేపరు తిరగేసుకున్నారు. అత్తయ్యగారికి వినపడలేదు. ఆయన మళ్లీ కేకెయ్యలేదు. అలాంటి మనిషి ఇప్పుడు పడవలో నా పక్కకి జరిగి కూర్చుని, సీసా నా నోటిదాకా తెచ్చి పట్టుకున్నారు. చూసేవాళ్లకి ముచ్చటగానే ఉండి ఉంటుంది. నాకు భయమేసింది.

అసలీ ప్రయాణమే మొదట్నుంచీ నాకు తిన్నగా కనిపించలేదు. మా ఊరు పాలకొల్లు పక్కన. పెళ్లయిన కొత్తలో, దగ్గరే కదా, అంతర్వేది సముద్రం చూపించమని అడిగితే "ఉప్పునీళ్లూ, ఇసకానూ. చూడ్డానికేముంది అందులో?" అన్నారు. ఆ మనిషే క్రితంవారం ఎరువుల కొట్టు కట్టేసి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా, కాకినాడ వెళ్దామన్నారు. అక్కడ మడ అడవి ఉందట. ఈ రోజుల్లో సముద్రపు తాబేళ్లు గుడ్లు పెట్టడానికి దీవి ఒడ్డుకి వస్తాయట. హారతికి చూపించాలట. ఎప్పుడూ హారతి ఏం తిందో కూడా అడగని మనిషికి, ఉన్నట్టుండి అది తాబేళ్లు చూడలేదన్న బెంగ ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకర్థం కాలేదు.

అత్తయ్యగారు అడ్డం పడతారనుకున్నాను. రెండో పంట, దాళ్వా చేలో కలుపులు సాగుతున్నాయి. పొద్దున్నే కూలీలకి అన్నాలు వండి పంపే మనిషిని నేనే. జ్వరమొచ్చినా "వండేసి పడుకో" అనే ఆవిడ, "వెళ్లిరా అమ్మా, గాలి మారినట్టుంటుంది" అన్నారు. అమ్మా అన్నారు. సంచి కూడా ఆవిడే సర్దారు. పడవ షికారుకి పాత నేతచీరలు అన్నెందుకు పెట్టారో అడగబోయి ఊరుకున్నాను. బస్సెక్కేముందు మాత్రం దగ్గరికొచ్చి, "ముమ్మిడివరం కబురు పెట్టకు. నాలుగో నెల్లో పడవెక్కిందని తెలిస్తే మీ అమ్మ కంగారుపడుతుంది" అని మెల్లగా చెప్పారు.

దారి పొడుగునా హారతి నా ఒళ్లో నిద్రపోతుంటే, మా వెనకవీధి పాపాయి గుర్తుకొస్తూనే ఉంది. ఇద్దరాడపిల్లల తల్లి. నిరుడు వాళ్లాయన సముద్రస్నానమని కాకినాడే తీసుకెళ్లాడు. వచ్చాక కడుపు నిలవలేదన్నారు. నేను కాస్త చారన్నం పట్టుకెళ్తే గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఏం మాట్లాడాలో తోచక "సముద్రం బాగుందా?" అనడిగాను. "నేను చూళ్లేదు" అంది.

కాకినాడలో మా ఆడపడుచు వీరవేణి వదిన ఇల్లు. రాత్రి అక్కడ పడుకుని, పొద్దున్నే వదినని కూడా కలుపుకుని రేవులో పడవెక్కాం. పడవ త్రిమూర్తులుది. అతను ఇంజను దగ్గరుంటే, అతని భార్య పెద్దింట్లమ్మ తాళ్లు లాగుతూ, కబుర్లు చెబుతూ ఉంది. మా ఆయన దారంతా చెయ్యి చాపి చూపిస్తూనే ఉన్నారు. అదిగో మడ చెట్లు, అదిగో కొంగలు. నేను ఆ చేతినే చూస్తున్నాను. ఇంత ఓపిగ్గా అది నాకోసం ఎప్పుడూ చాపుకోలేదు. బురద మీద చిన్నచిన్న చేపలు రెక్కల్తో దేకుతుంటే హారతి, "అమ్మా, చేప నడుత్తోంది" అని చప్పట్లు కొట్టింది. దీవి ఒడ్డున ఇసకలో ట్రాక్టరు చక్రాలు వెళ్లినట్టు జాడలున్నాయి. తాబేలు ఎక్కిన జాడ ఒకటి, దిగిన జాడ ఒకటి. ఒకచోట నక్కలు తవ్వి తినేసిన గుడ్ల పెంకులు తెల్లగా చెదిరి ఉన్నాయి. వదిన ముక్కుకి కొంగడ్డం పెట్టుకుంది.

తిరిగొస్తుంటే పడవ పక్కనే నీళ్లలోంచి ఒక తాబేలు తలెత్తింది. ముసలమ్మ మొహంలా ముడతలు. ఒక్క గుక్క గాలి పీల్చుకుని, మా వంక చూసీ చూడనట్టు చూసి మునిగిపోయింది. హారతి నా మెడ పట్టుకుని ఊపేస్తూ నవ్వింది. నేనూ నవ్వాను. ఎవరెందుకు తీసుకొచ్చారో మర్చిపోయి, ఆ కాసేపూ సముద్రాన్నే చూశాను.

సరిగ్గా అప్పుడే సీసా మూత తీశారు మా ఆయన.

నాకు ప్రయాణాల్లో నీళ్లు తాగే అలవాటు లేదు. ఏ ఆడదానికుంది? మా హైస్కూల్లో ఆడపిల్లలకి మరుగుదొడ్డి కట్టలేదు. పొద్దున్న వెళ్లినదాన్ని సాయంత్రం ఇంటికొచ్చేదాకా చుక్క నీళ్లు ముట్టేదాన్ని కాదు. తొమ్మిదో తరగతిలో ఓ మధ్యాహ్నం డ్రిల్లు వరసలో కళ్లు తిరిగి పడిపోయాను. నాన్న మర్నాడే బడి మాన్పించేశారు. పడిపోయినందుక్కాదు, మగపిల్లల ముందు పడిపోయినందుకు. నా చదువు అక్కడితో సరి.

అయినా ఆయన పట్టుకున్న సీసా కాదనలేక తాగేశాను. అది అయ్యాక వదిన ఇంకోటి తీసింది. "ఎండగా ఉంది, తాగు దుర్గా. వట్టిమనిషివి కాదు కదా." ఎండ ఆవిడకీ కొడుతోంది. పెదాలు ఎండిపోయి మాటిమాటికీ నాలికతో తడుపుకుంటోంది. కానీ పొద్దుట్నుంచీ ఆవిడ ఒక్క గుక్క తాగలేదు. నేను చూస్తూనే ఉన్నాను. పడవలో వెళ్లే ఆడది ఏం చెయ్యకూడదో తెలిసిన మనిషి, నాచేత అదే పనిగా చేయిస్తోంది.

కాసేపటికి పొత్తికడుపు బిగిసి, వదిన చెవిలో చెప్పాను. అంతకుముందే మా ఆయన పడవ కొసకి వెళ్లి, అటు తిరిగి నిలబడి తన పని కానిచ్చుకుని వచ్చారు. వదిన మాత్రం "ఆపుకో అమ్మాయ్. రేవు చేరగానే సరాసరి వెళ్లిపోదాం" అంది.

"ఎక్కడికి వదినా?"

"ఇంటికే" అని, మా ఆయన వంక చూసింది.

ఆ చూపుతో నాకు అంతా తేటపడింది. హారతి కడుపులో పడ్డ కొత్తలో కాస్త రక్తం కనబడిందని భీమవరంలో స్కానింగు తీయించారు. నర్సు గ్లాసు తరవాత గ్లాసు తాగించింది. లేవబోతే భుజం పట్టి కూచోబెట్టి, "ఆపుకోవాలమ్మా, నిండా ఉంటేనే లోపలిది బాగా కనబడుతుంది" అంది. ఆ మాటే, ఆ బిగింపే. లోపలిది. తాబేళ్లు కాదు వీళ్లు చూడ్డానికొచ్చింది.

నిజం చెప్పాలంటే ఈ కడుపు నాకు కావాలో వద్దో నాకే తెలీదు. హారతి ఇంకా రాత్రిళ్లు లేచి ఏడుస్తుంది. నా నడుం నొప్పి తగ్గలేదు. ఇప్పుడే వద్దండీ అని నేనంటే "మగపిల్లాడు పుడితే ఆపరేషన్ చేయించేద్దాంలే" అన్నారు ఆయన. అదే నాకిచ్చిన జవాబు. కావాలన్నది వాళ్లే. ఇప్పుడు చూసుకుని ఉంచాలో తీసెయ్యాలో తేల్చేదీ వాళ్లే. మధ్యలో నేను ఆపుకుని కూర్చోవాలి.

"పడవాపించండి" అన్నాను.

మా ఆయన విననట్టు సీసా మూత బిగించుకున్నారు. ఈసారి ఇంజను చప్పుడుని మించి, త్రిమూర్తులుకి వినబడేలా అన్నాను. అతను మా ఆయన వంక చూశాడు. పెద్దింట్లమ్మ మాత్రం నా మొహం చూసి నవ్వింది.

"ఆపయ్యా. బాబుగారికైతే ఆపక్కర్లేదు, మనకా వీలు పెట్టలేదు దేవుడు. రండమ్మా, నేను గుడ్డ అడ్డమెడతాను."

మడ చెట్ల వేళ్ల పక్కన పడవ నిలిచింది. నేను వెనక కొసకి నడుస్తుంటే వదిన గాభరాగా నా కొంగు పట్టుకుంది. పట్టు జారిపోయేసరికి తమ్ముడిమీద విసుక్కుంది. "చూస్తావేంట్రా భాస్కరూ, చెప్పు. ఇప్పుడు పోగొట్టుకుంటే మళ్లీ మొదట్నుంచీ నీళ్లు పట్టించాలి. ఆ డాక్టరు అంతసేపు మనకోసం కూర్చుంటాడా?"

పెద్దింట్లమ్మ పాత చీర రెండు చేతులా చాపి, తను అటు తిరిగి నిలబడింది. ఎవరి అనుమతీ లేకుండా నా ఒంటికి అంత హాయి ఎప్పుడు కలిగిందో నాకు గుర్తులేదు.

తిరిగొచ్చి మా ఆయన ఎదురుగా కూర్చున్నాను. ఆయన గొంతు తగ్గించి, "చూస్తే తప్పేంటే? చూసుకుని వచ్చేస్తాం, అంతేగా" అన్నారు.

"చూశాక?"

ఆయన నీళ్లకేసి చూశారు. "ఆడపిల్లయితే అప్పుడాలోచిద్దాం లేవే" అంది వదిన.

"పాపాయికి ఆలోచించినట్టేనా?" అన్నాను.

వదిన తల తిప్పేసుకుంది. నేను త్రిమూర్తుల్ని కోరంగి రేవు దారిలోనేనా అనడిగాను. దారిలోనే అన్నాడు. అక్కడ దిగితే యానాం బస్సు దొరుకుతుంది. యానాంలో ఏరు దాటితే మా అమ్మావాళ్ల ముమ్మిడివరం ఎంతో దూరం లేదు. ఛార్జీలకి నా దగ్గరున్నవి చాలు. "అయితే నన్నూ పాపనీ అక్కడ దించెయ్యి" అన్నాను. అతను మళ్లీ మా ఆయన మొహం చూశాడు. "చెబుతున్నది నేను" అన్నాను.

కోరంగి రేవులో చెక్క బల్లకి పడవ ఆనుకుంది. హారతి వదిన ఒళ్లో ఉంది. వదిన చేతులు బిగించింది. నేను లాగలేదు, చేతులు చాచి నిలబడ్డాను. హారతే విదిలించుకుని నా చంకెక్కింది. నాతో దిగుతారేమోనని మా ఆయన కోసం కొంచెం ఆగాను. ఆయన లేవలేదు. ఖాళీ సీసా రెండు కాళ్ల మధ్యా పెట్టుకుని, కోపంగా కాదు, దిక్కు తోచనట్టు చూస్తున్నారు.

"ఇంటికెళ్లి అమ్మకేం చెప్పమంటావు?"

"దుర్గ ఒప్పుకోలేదని చెప్పండి" అన్నాను.

ఆ మాట మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఎవరికీ చెప్పవలసిన అవసరం రాలేదు.