పదమూడు కాదు, పదకొండు

నాలుగో ప్రశ్న ముగించి, కుయాంగ్ షూచిన్ ఉక్కు కలం పక్కన పెట్టి, మైనపు కాగితం మీద రాలిన పొడిని నోటితో ఊదింది. గట్టిగా ఊదితే కాగితం లేస్తుంది, మెల్లగా ఊదితే పొడి గీతల్లోనే ఉండిపోతుంది. ఎంత ఊదాలో ఇరవై ఆరేళ్ళుగా ఆమె పెదవులకు తెలుసు. బయట మైదానంలో మైకు పిల్లల చేత పొద్దుటి కసరత్తు చేయిస్తోంది. జూన్ వానలకు గోడలు చెమర్చి, గదంతా సిరా వాసనా బూజు వాసనా కలిసి కొడుతున్నాయి.

చైనాలో హూనాన్ కొండల కింది ఆ బడిలో ఆమె పని ఒకటే. మాస్టర్లు రాసిచ్చిన ప్రశ్నపత్రాన్ని గరుకు ఉక్కు పలక మీద పరచిన మైనపు కాగితంపై చెక్కాలి. తర్వాత సిరా రోలరు దొర్లించి ప్రతులు తీయాలి. ఈ ఏడు అరవై రెండు ప్రతులు. మే నెల వడపోత పరీక్ష దాటి, జులైలో కాలేజీ ప్రవేశానికి జరిగే పెద్ద పరీక్షకు కూర్చోబోతున్న ఆఖరి తరగతి పిల్లలు అంతమంది. నిరుడు నలుగురే గట్టెక్కారు. ఈసారీ అంతే అయితే పై తరగతులు ఎత్తేసి పట్నం బడిలో కలిపేస్తామని జిల్లా నుంచి కాగితం వచ్చింది. పట్నం వెళ్ళి చదివించే తాహతు ఆ కొండల్లో ఎవరికి ఉంది?

యాభై నాలుగేళ్ళ పొట్టి మనిషి ఆమె. చెవుల దాకా కత్తిరించిన జుట్టుకు ఇనప క్లిప్పు. సిరా అంటకుండా ముంజేతులకు నీలం చేతి తొడుగులు. కుడిచేతి నడిమి వేలి మీద చిక్కుడు గింజంత కాయ. వంగి వంగి ఎడమ భుజం ఒక అంగుళం కిందికి దిగిపోయింది. ఈ మధ్య ఎడమ కంటికి పొర కమ్ముతోంది గనక కాగితాన్ని కుడి కంటి వైపు జరుపుకుని చెక్కుతుంది. నాటు పడవలు చేసే వడ్రంగి ఆమె మొగుడు. అతను పోయి పన్నెండేళ్ళయింది. పిల్లల్లేరు. బడి పిల్లలందరికీ ఆమె కుయాంగ్ పిన్నే.

అయిదో ప్రశ్న చతుర్భుజం. ఎబి ఏడు, బిసి అయిదు, సిడి పది, డిఎ ఆరు. కర్ణం ఎసి పదమూడు. వైశాల్యం కనుక్కోమన్నారు. అంకెలు చెక్కేసి బొమ్మకు దిగింది. బొమ్మ ఏదైనా ఆమె కొలత పెట్టే గీస్తుంది. ఉత్తుత్తి బొమ్మ గీస్తే పిల్లల కన్ను మోసపోతుందని ఆమెకు పట్టింపు. ముందు చిత్తుకాగితం మీద పదమూడు గీత గీసి, ఒక కొస నుంచి ఏడు, ఇంకో కొస నుంచి అయిదు వృత్తలేఖినితో తిప్పింది. రెండు చాపాలూ కలవలేదు. కన్ను మోసం చేసిందేమోనని మళ్ళీ గీసింది. కలవలేదు. ఏడూ అయిదూ పన్నెండు. ఎంత సాగదీసినా పదమూడుకు అందదు.

ఆమె కాగితం పట్టుకుని మాస్టర్ల గదికి వెళ్ళింది. లెక్కల మాస్టారు ఝాన్ లీవెన్ ఒక చేత్తో నూడుల్స్ తింటూ ఇంకో చేత్తో జవాబులు దిద్దుతున్నాడు. ఇరవై ఆరేళ్ళవాడు. చెడ్డవాడు కాదు, పిల్లల కోసం రక్తం ధారపోస్తాడు. తొందర మనిషి, అంతే.

"మాస్టారూ, అయిదో ప్రశ్నలో గీతలు కలవడం లేదు."

"కలవకపోవడమేంటి పిన్నీ? వానకి మైనపు కాగితం సాగిందేమో చూడు."

గదిలో నలుగురూ నవ్వారు.

"చిత్తుకాగితం మీదే గీశానండి. కర్ణం ఎక్కువైనట్టుంది."

"బొమ్మ ఎలా ఉంటేనేం, అంకెలేగా ముఖ్యం? నువ్వు చెక్కు. లెక్క నేను చూసుకుంటా. రేపు పొద్దున ఎనిమిదింటికి పిల్లల చేతుల్లో ఉండాలి." తల ఎత్తకుండానే అన్నాడు.

ఆమె తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుంది. చెక్కేయొచ్చు. తప్పు ఎవరిదని అడిగితే ఆమె పేరు ఎవరూ ఎత్తరు. ఇరవై ఆరేళ్ళుగా అలాగే గడిచింది.

కానీ ఒక్కసారి అలా వదిలేసింది. అయిదేళ్ళ కిందట భౌతికశాస్త్రం మాస్టారు ఒక ప్రశ్నలో బరువు తప్పు వేశారు. ఆమెకు అనుమానం వచ్చింది. నాకెందుకులే అని చెక్కేసింది. నమూనా పరీక్షలో ఒక పిల్ల ఆ ఒక్క ప్రశ్నతో గంటసేపు పెనుగులాడి, నా బుర్రలో మట్టే ఉందని ఏడ్చి, ఆ వారమే మూట కట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. అసలు పరీక్షకు రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు సంతలో వంకాయలు అమ్ముతుంది. షూచిన్‌ను చూస్తే నవ్వుతూ రెండు వంకాయలు ఎక్కువ వేస్తుంది. ఆ రెండు వంకాయలూ ఆమెకు ముద్ద దిగనివ్వవు.

షూచిన్ లేచింది. చీపురులోంచి మూడు వెదురు పుల్లలు పీకి, కొలిచి, కత్తితో కోసింది. తిన్నగా ఆఖరి తరగతి గదికి నడిచింది. ఝాన్ మాస్టారు అప్పుడే పాఠం మొదలుపెట్టాడు. గుమ్మంలో ఆమెను చూసి ముఖం చిట్లించాడు.

"మళ్ళీ ఏంటి పిన్నీ?"

ఆమె పుల్లలు బల్ల మీద పెట్టింది. 

"ఇది ఏడు, ఇది అయిదు, ఇది పదమూడు. త్రిభుజం చేసి చూపించండి మాస్టారూ. మీరు చేస్తే నేను నోరు మూసుకుని చెక్కుతాను."

ఝాన్ విసుగ్గా పొడుగు పుల్లను పరిచి, మిగతా రెంటినీ రెండు కొసల్లో ఆనించి వంచాడు. అవి ఒకదాన్నొకటి అందుకోలేకపోయాయి. ఇంకా వంచాడు. చివరికి రెండూ పొడుగు పుల్ల మీదే పడుకున్నాయి, మధ్యలో వేలెడు ఖాళీ. వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారి చెవులు మిరపపండ్లలా ఎర్రబడ్డాయి.

జేబులోంచి తన చిత్తు తీసి చూసుకున్నాడు. తర్వాత పిల్లలవైపు తిరిగాడు.

"అక్కడ పదకొండు ఉండాలి. దించుకునేటప్పుడు పదమూడు వేశాను. తప్పు నాది. మీలో ఎవరైనా రేపు ఈ ప్రశ్న దగ్గర ఆగిపోయి, తప్పు మీదే అనుకుని ఉండేవాళ్ళు." అని షూచిన్ వైపు చెయ్యి చూపించాడు. "పిన్నిగారికి దండం పెట్టండి."

అరవై రెండు మంది బెంచీలు కిర్రుమనేలా లేచి నిలబడి, తలలు వంచారు. షూచిన్ గబగబా పుల్లలు ఏరుకుని బయటపడింది. వరండాలో ఎవరూ లేరని చూసుకుని, ఆ వయసులో, రెండడుగులు గెంతింది.

గదికొచ్చి అగ్గిపుల్ల గీసి, ఊది, ఎర్రటి కొసను మూడు అంకె దగ్గరికి చేర్చింది. మైనం కరిగి గీత పూడుకుపోయింది. చల్లారాక దాని మీద ఒకటి చెక్కింది. బొమ్మ గీస్తే ఈసారి చాపాలు ముద్దు పెట్టుకున్నట్టు కలిశాయి.

మధ్యాహ్నం ఝాన్ తన అన్నం డబ్బా పట్టుకుని వచ్చి, ఊరమిరపకాయలు ఆమె డబ్బాలో సగం వేశాడు.

"పిన్నిగారూ, మీరు లెక్కలు ఎక్కడ నేర్చుకున్నారు?"

"పదహారో ఏట పై తరగతిలో ఒక్క ఏడు చదివాను. రేఖాగణితంలో ఫస్టు. నాన్న మంచాన పడ్డాడు, మానేశాను."

"ఆ ఒక్క ఏడుకే?"

"తర్వాత ఇరవై ఆరేళ్ళు ఈ గదిలో చదివాను మాస్టారూ. మీరంతా రాసింది నేను చెక్కేదాన్నిగా. చెక్కిందల్లా రోలరు తిప్పేటప్పుడు మనసులో చేసుకునేదాన్ని. ఎవరూ దిద్దలేదు, అంతే తేడా." అని నవ్వింది. ఆ సంగతి ఆమె మొగుడికి కూడా చెప్పలేదు.

మర్నాటి నుంచి ఝాన్ కాగితాలు ఒక రోజు ముందే రావడం మొదలయ్యాయి. రసాయనం మాస్టారు కూడా, ఊరికే చూడక్కా అంటూ, తన కట్ట తెచ్చి పెట్టాడు. ఆ మూడు వారాల్లో ఆమె ఇంకో ఆరు తప్పులు పట్టింది.

జులై పరీక్ష ముగిశాక పిల్లలు లారీ దిగుతూనే ఆమె కిటికీ దగ్గర మూగారు. రెండోసారి రాసిన ఫూ చున్‌యాన్ అందరికంటే ముందు అరిచింది.

"పిన్నీ! ప్రశ్నలన్నీ మనవే. అక్షరాలే పరాయివి!"

ఆగస్టులో ఫలితాలొచ్చాయి. పంతొమ్మిది మంది! పై తరగతులు ఎక్కడికీ పోవని హెడ్మాస్టరు తావ్ గేటు ముందు పదివేల టపాకాయల దండ కాల్పించాడు. ఎర్ర కాగితం, కుంచె తెచ్చి ఆమె ముందే పెట్టాడు.

"నువ్వే రాయాలి, అక్కా. నీ రాత చూస్తూ పాసయ్యారు, నీ రాతలోనే పేర్లు ఉండాలి."

ఆమె పంతొమ్మిది పేర్లూ అరచేతులంత అక్షరాలతో రాసింది. గోడకు అతికించేసరికి చుట్టుపక్కల ఊళ్ళన్నీ దిగాయి. చున్‌యాన్ తండ్రి బాతులు కాసుకునే మనిషి. అక్షరం ముక్క రాదు. బురద కాళ్ళతో వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"ఇందులో మా పిల్ల ఎక్కడుంది వదినా?"

షూచిన్ అతని వేలు పట్టుకుని ఏడో పేరు మీద పెట్టింది. అతను ఆ మూడు అక్షరాల మీదా వేలు పోనిచ్చాడు, మళ్ళీ మొదటికొచ్చాడు. తడి సిరా వేలికంటింది. దాన్ని తుడుచుకోకుండా చొక్కాకు దూరంగా ఎత్తి పట్టుకుని, ఊరి దాకా అలాగే నడిచి వెళ్ళాడట.

సెప్టెంబరులో బడికి టైపు మిషను వచ్చింది, దాంతోపాటు శిక్షణ పొందిన అమ్మాయి వచ్చింది. షూచిన్ పదవీ విరమణ కాగితం మీద సంతకం పెట్టింది. కంటికి ఆపరేషను చేయించుకుని, హెంగ్‌యాంగ్ పట్నంలో చెల్లెలి దగ్గర ఉండాలని నిశ్చయం. పొద్దున్న ఏడింటి బస్సుకు ఝాన్ ఆమె పెట్టె మోసుకొచ్చి టాపు మీద కట్టాడు.

"ఇక నా తప్పులెవరు పడతారు, పిన్నిగారూ?"

"నువ్వే పట్టుకుంటావు నాయనా. పడుతున్నావుగా." అతన్ని మాస్టారూ అనకపోవడం ఆమెకు అదే మొదటిసారి.

బస్సు వంతెన దాటి మలుపు తిరిగింది. టైపు అమ్మాయి షూచిన్ ఖాళీ చేసిన గది కిటికీ తలుపులు తీసింది. బయట తీగ మీద, తెల్లవారుజామున ఉతికి ఆరేసి మరిచిపోయిన ఒక జత నీలం చేతి తొడుగులు, కుడిదానికి మణికట్టు దగ్గర మూడు మాసికలతో, ఇంకా నీళ్ళోడుతూ ఉన్నాయి.