ఏకాదశి నాటి బండి, ద్వాదశి నాటి బండి

తాకీదు చేతికొచ్చిన రోజు నుంచి దేవకి దాన్ని విప్పి విప్పి చదువుతూనే ఉంది. అరచెయ్యంత కాగితం, అందులో నాలుగంటే నాలుగు వరుసలు. ఈ నెలలో ఇప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వచ్చారు, రిజిస్టరులో రెండు ఎర్రగీతలు పడ్డాయి, మూడోది పడితే మీ తాత్కాలిక ఉద్యోగం రద్దు అని. కింద కొత్త ఆఫీసరు సంతకం. పాత ఆఫీసరైతే చూసీ చూడనట్టు పోయేవాడు. ఈయన అట్లా కాదు, వచ్చిన రెండో రోజుకే రెండు గీతలూ గీయించాడు.

ఆ ఇంట్లో నెల తిరిగేసరికి వచ్చే జీతం ఆమెదొక్కటే. ఆమె మొగుడు వాదిరాజ ఆదోని పత్తి వ్యాపారుల దగ్గర గుమాస్తాగా ఉండేవాడు. రెండేళ్ళ కిందట దూది బేళ్ళ దొంతర విరిగి నడుం మీద పడింది. అప్పటి నుంచి ఆయనకు లోకమంతా నులకమంచమే. ఆయన తల్లి అంబాబాయికి డెబ్బై రెండేళ్ళు, రెండు కళ్ళకూ పొరలు. కోడలు మడి కట్టుకుని వండి, దేవుడికి నైవేద్యం పెట్టినాక రోజుకు ఒక్కపూట తినే మనిషి.

చిక్కంతా అక్కడే ఉంది చూడండి. ఉన్నది ఒక్క వంటగది, ఆ గది గూట్లోనే దేవుడు. అత్తగారి పూజ ముగిసేదాకా పొయ్యి ముట్టించడానికి లేదు. ముట్టించి, వండి, నైవేద్యమై, అత్తగారికి ఆకులో వడ్డించి బయటపడేసరికి తొమ్మిది దాటుతుంది. ఇల్లు ఆదోనిలో, ఆమె పాఠాలు చెప్పే బడేమో ఎమ్మిగనూరు అవతల చివర. గంట కొట్టేది తొమ్మిదీ ముప్పావుకు. తొమ్మిదింపావు బస్సెక్కితే ఊరూరా ఆగి, పదిన్నరకు దించుతుంది.

"బస్సును నమ్ముకుంటే మనం చెడిపోతాం. బండి కొనాల్సిందే" అన్నాడు వాదిరాజ.

"ఎవరు తోలేది?"

"నువ్వే. చిన్నప్పుడు మీ అన్న సైకిలెక్కి వాకిట్లో పడి పన్ను ఇరగ్గొట్టుకోలేదా? ఆ మాత్రం అనుభవం చాలు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు దేవకికి. మెళ్ళో గొలుసు తీసి కొంగుకు ముడేసుకుని కాశప్ప అంగడికి పోయింది.

కాశప్ప అంగట్లో అప్పుడు చిన్న మోపెడ్లు రెండు రకాలున్నాయి. ఒకటి ఎరుపు, ఒకటి నీలం. చూడబోతే కవల పిల్లలు. అదే ఎత్తు, అదే సన్న చక్రాలు, వెనక అదే ఇనుప క్యారియరు. ఎర్రదాన్ని సైకిలు మాదిరి నాలుగు తొక్కులు తొక్కితే ఇంజను అందుకుంటుంది. నీలందానికి పక్కన కిక్కు కడ్డీ ఉంది.

"టీచరమ్మా, ఎర్రది బతిమాలితే లేస్తాది, నీలంది తంతే లేస్తాది" అన్నాడు కాశప్ప గుడ్డతో చేతులు తుడుచుకుంటూ. "మీ ఇంట్లో ఏది సాగుతాదో మీకే తెలుసల్లా!"

"నాకు బతిమాలేదీ తెలుసు, తన్నులు తినేదీ తెలుసు. ఏది తొందరగా పోతాదో అది సెప్పప్పా."

"రెండూ ఒగటే స్పీడు. నా మాట ఇనొద్దు. దినానికొకటి తీస్కపో, బడిదాకా నడిపి సూడు. నచ్చిందే తీస్కో."

మూడో గీత పడకుండా బడికి సెలవు పెట్టి, అంగడి వెనక ఖాళీ జాగాలో ఐదు సాయంత్రాలు నేర్చుకుంది. రెండుసార్లు పడింది, మోచెయ్యి చీరుకుంది. ఆరో రోజు శ్రావణ ఏకాదశి. ఎర్రబండి ఎక్కి పచ్చి మంచినీళ్ళైనా ముట్టకుండా బయలుదేరింది. కుచ్చెళ్ళు పైకి దోపుకుని తొక్కుతుంటే దారినపోయే ఎడ్లబండి గోవిందన్న గొంతెత్తి అరిచాడు, "ఓ టీచరమ్మా, అది నిన్ను మోస్తాందా, నువ్వు దాన్ని మోస్తాండావా?" అని. ఆమె తొక్కడం ఆపలేదు. బడి చేరేసరికి తలుపులు కూడా తీయలేదు. ఆయా సువార్తమ్మ ఒక్కతే వాకిలి ఊడుస్తోంది. గోడ గడియారంలో ఎనిమిదీ యాభై.

మర్నాడు నీలం బండి. కిక్కు కొట్టేటప్పుడు చీర అంచు కడ్డీకి చిక్కి జానెడు చిరిగింది. అయినా చేరింది ఎనిమిదీ నలభై ఐదుకు.

ఆ సాయంత్రం వాదిరాజ పాత క్యాలెండరు కాగితం వెనక రెండు గళ్ళు గీశాడు. పెట్రోలు ఎంత తాగింది, బరువెంత, ఆగిపోతే తొక్కుకుంటూ రావచ్చా లేదా, చీరకు ఏది మేలు, ఎన్నింటికి చేరింది. అన్నీ రాశాడు. ఎన్నింటికి బయలుదేరిందో మాత్రం రాయలేదు. ఆయన పదిహేనేళ్ళు చేసిన పని అదే. పత్తి లారీ ఎన్నింటికి దిగిందని రాసుకోవడమే తప్ప, ఎక్కడ ఎప్పుడు బయలుదేరిందో గుమాస్తాకెందుకు?

"ఐదు నిమిషాలు నీలంది ముందు. కానీ ఎర్రది ఇంజను ఆగినా తొక్కుకోవచ్చు, చీరా చిరగదు. ఎర్రదే తీసుకుందాం. ఏదైనా గంట ముందే చేరతావే! ఇంక నీకేం భయం?"

గంట ముందే! ఆ మాట వినగానే దేవకి గుండెల మీద బరువు దించినట్టయింది. గొలుసు కాశప్ప చేతికిచ్చి ఎర్రబండి ఇంటికి తెచ్చుకుంది. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయింది.

తెల్లవారితే త్రయోదశి. అత్తగారు గూటి ముందు కూర్చున్నారు. దేవకి తడిచీరతో గడప బయట నిలబడింది. ఏడైంది. ఏడున్నర అయింది. జపమాల తిరుగుతూనే ఉంది. ఏడూ నలభైకి గంట మోగింది, పొయ్యి ముట్టించింది. వానకు నాని ఉన్న పుల్లలు పొగ తప్ప మంట ఇవ్వలేదు. ఎనిమిదింపావుకు బియ్యం ఉడుకు పట్టాయి. ఎనిమిదిన్నరకు పప్పు ఇంకా బద్దలు బద్దలుగానే ఉంది.

గరిటె చేత్తో పట్టుకునే దేవకి గడిచిన రెండు రోజులూ లెక్కేసుకుంది.

ఏకాదశి నాడు ఈ ఇంట్లో పొయ్యే వెలగలేదు. ఉపవాసం. ద్వాదశి నాడేమో పారణ, తెల్లారకముందే పూజ, వంట, తెల్లారేసరికి భోజనం. రెండు రోజులూ ఏడూ ముప్పావుకే గడప దాటింది తను. రెండు బండ్లూ ముందు చేరాయంటే చేరవా మరి! నెలకు రెండుసార్లు వచ్చే ఆ జంట రోజులు పట్టుకుని, మిగతా రోజుల బతుకు కొలుచుకున్నారు ఆలుమగలిద్దరూ. బండి ఏ రంగుదైనా దారికి గంట పడుతుంది. తొమ్మిది దాటి బయలుదేరితే పది దాటి చేరుతుంది.

మంచం దగ్గరికి పరుగెత్తింది. "ఏమండీ, మనం చూసినవి ఒకటి వంట లేని రోజు, ఒకటి తెల్లారకముందే వంటైన రోజండీ!"

వాదిరాజ క్యాలెండరు కాగితం అందుకుని చూశాడు.  కాగితం గుండెల మీదే బోర్లా పెట్టుకున్నాడు.

గోడ మీద ఎనిమిదీ నలభై. దేవకి వంటింటి గడప దగ్గరికి వచ్చింది. "అత్తయ్యా, పప్పు ఉడకలేదు. నేనిప్పుడు పోకపోతే ఉద్యోగం పోతాది."

అంబాబాయి తల తిప్పలేదు. "దేవుడికి ఏం పెట్టేది మరి?"

 దేవకి పొయ్యిలో పుల్లలు బయటికి లాగి నీళ్ళు చల్లింది. చీర మార్చుకుంది. బండి వీధిలోకి దించింది. వెనక నుంచి మొగుడు "దేవకీ, నిదానంగా పో" అనడం వినబడింది. నిదానంగా పోయే రోజా అది!

దారంతా ఎదురుగాలి. ఎత్తొచ్చినచోట ఇంజను ఏడుస్తుంటే తనూ తొక్కింది. కళ్ళ వెంట నీళ్ళు చెవుల మీదికి పోతున్నాయి, గాలికో దుఃఖానికో ఆమెకే తెలియదు. ఉడకని పప్పు ముందు ముసలామె ఒక్కతే కూర్చున్న రూపు కళ్ళ ముందు నుంచి పోలేదు. తొక్కీ తొక్కీ పిక్కలు రాళ్ళయ్యాయి. బడి మలుపు తిరిగేసరికి సువార్తమ్మ కడ్డీ ఎత్తి గంట మీద వేస్తోంది. హెడ్మాస్టరు వీరభద్రయ్య రిజిస్టరు ముందేసుకుని ఎర్రసిరా పెన్ను మూత తీసి ఉన్నాడు.

"మీరు వచ్చినారా!" అన్నాడాయన. పెన్ను మూత పెట్టేశాడు. "దినామూ ఇట్ల ప్రాణాల మీదికి తెచ్చుకుంటే ఎట్లమ్మా?"

దేవకి సంతకం చేసింది. అక్షరాలు వంకరలు పోయాయి.

నాలుగింపావుకు బడి విడిచిపెట్టారు. ఇల్లు చేరేసరికి ఐదూ ఇరవై. అంబాబాయి పొద్దున కూర్చున్న పీట మీదే ఉంది. పొయ్యి చల్లగా ఉంది. వాదిరాజ అటుకులు నానబెట్టుకుని తిన్న గిన్నె మంచం కింద ఉంది.

"తినలేదా అత్తయ్యా?"

"దేవుడు తినంది నేనెట్ల తింటాను?" పీట మీంచి కదలకుండానే అడిగింది, "ఉద్యోగం ఉండాదా, పోయిందా?"

"ఉండాది."

"అయితే ఏడుస్తా నిలబడొద్దు. నీళ్ళు పోసుకుని రా. దీపం పెట్టినాక నేను తినకూడదు, తెలుసు కదా."

ఈసారి పుల్లలు ఆరి ఉన్నాయి. గంటలో నైవేద్యమైంది. సూర్యుడు ఎదురింటి మిద్దె అంచున ఉండగా అత్తగారి ముందు ఆకు పరిచింది. ఆకలికి ఆమె వేళ్ళల్లో ముద్ద నిలవడం లేదు. దేవకి మజ్జిగ పోసి అన్నం మెత్తగా పిసికింది.

"రేపెట్ల అత్తయ్యా?"

"రేపూ ఈ పొద్దుకే. ఒక్కపూట తినేదానికి మిట్టమధ్యాహ్నమైతేనేమి, సందేళైతేనేమి?"

"ఈ వయసులో తట్టుకుంటారా?"

"తట్టుకోలేననుకో. అప్పుడు పొద్దున పొయ్యి బాధే ఉండదు నీకు."

"ఆ మాటలేంటమ్మా!" అన్నాడు వాదిరాజ మంచం మీంచి. ఊరికే ఉండలేని మనిషి, పంచాంగం అందుకుని నెలనెలా పొద్దు గుంకే వేళలు వెతుకుతున్నాడు. "ఇప్పుడు ఆరూ నలభై. భాద్రపదం చివరికి ఆరుంపావు. ఆశ్వయుజంలో ఆరుకు దిగుతాది. కార్తీకంలో ఐదూ..."

అక్కడ ఆగిపోయాడు. ఐదూ ఇరవైకి ఇల్లు చేరే మనిషి ఐదూ నలభైకి వండి వడ్డించాలి.

"చదివేది ఆపు" అంది అంబాబాయి. "కార్తీకానికి ఇంకా మూడు నెలలుండాది. ఇంకొంచెం మజ్జిగ పొయ్యి, దేవకీ."

దేవకి గిన్నె వంచి పోసింది. మిద్దె మీద ఎండ సన్నని గీతంత మిగిలింది. ముసలామె తొందర తొందరగా తినసాగింది.