సుశీల్‌కు కప్పిన శాలువా

ఆదివారం చర్చికి వెళ్లకముందే రొయ్యలు వలిచి పెట్టమంది మా అత్త రెబెక్కమ్మ. "పాస్టరుగారు భోజనానికి వస్తా ఉండారు. నువ్వు ఇంట్లో ఉండేదే నాలుగు రోజులు, ఆ మాత్రం చెయ్యలేవా?" అంది. నేను సైన్యంలో డాక్టర్ని, మేజర్ని. సరిహద్దు నుంచి సెలవు మీద సూళ్లూరుపేట వచ్చిన రోజు నుంచీ వంటింట్లోనే ఉన్నాను.

వేళ్లు రొయ్యల తలలు తుంచుతున్నా మనసు సరిహద్దులోనే తిరుగుతోంది. గుండ్లు పడ్డ రోజుల్లో బంకరే మా ఆసుపత్రి. పైనుంచి మట్టి రాలుతూ ఉండేది. తొడలో రక్తనాళం తెగిన జవాన్ని మోసుకొచ్చారు. గాయంలోకి పిడికిలి దూర్చి, ఒంటి బరువంతా వేసి నొక్కిపట్టాను. దారి తెరిస్తేగానీ అంబులెన్సు రాదన్నారు. "మేడం, చెయ్యి తియ్యొద్దు" అంటూనే ఉన్నాడతను. తియ్యలేదు. అతను బతికాడు. అదే రోజు తెచ్చిన ఇంకొకతను నా ఎదుటే పోయాడు. ఆ సాయంత్రం ఫోను కలిస్తే నా భర్త సుశీల్ కుమార్ మొదట అన్నమాట, "అమ్మకి నడుము పట్టేసింది. వండేవాళ్లు లేరు, లీవు పెట్టలేవా? డాక్టర్లు ఎట్టాగూ వెనకాలే కదా ఉండేది." ఫోను పెట్టేశాను.

ఆరాధన ముగిశాక పాస్టరుగారు సుశీల్‌ను ముందుకు పిలిచారు. భార్యను దేశసేవకు పంపిన త్యాగమూర్తి అని శాలువా కప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. సుశీల్ మైకు అందుకున్నాడు.

"మీ ప్రార్థనల వల్ల అబిగయీలు క్షేమంగా వచ్చింది. ఇంక చాలనుకున్నాం. రాజీనామా చేసి ఇక్కడే క్లినిక్ పెట్టుకుంటాది. మళ్లీ పంపించను."

నా రాజీనామా సంగతి నాకూ అప్పుడే తెలిసింది. ఆడవాళ్ల వరుసలోంచి లేచాను. ముందుకు నడిచి మైకు కోసం చెయ్యి చాపాను.

"ఇంటికి పోయి మాట్లాడుకుందాం," గొంతు తగ్గించాడు సుశీల్.

"ఇంట్లో నన్ను అడగలేదే. నువ్వు చెప్పింది ఇక్కడ. నేనూ ఇక్కడే చెప్తా."

బతికినతని గురించి చెప్పాను. పోయినతని గురించి చెప్పాను, పోయేముందు వాళ్లమ్మ అనుకుని నా చెయ్యి పట్టుకున్నాడని చెప్పాను. చివర్లో అన్నాను, "రాజీనామా చెయ్యను. సెలవు అయిపోగానే బయల్దేరతా."

బయట చెప్పులు వేసుకుంటుంటే సుశీల్ వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. వెనకే అత్త, ముఖం ఎర్రబడి ఉంది.

"నలుగురిలో పరువు తీసినావు. నేను ఒప్పుకోకుంటే ఎట్టా పోతావు?" అన్నాడు సుశీల్.

మోచెయ్యి విడిపించుకున్నాను.

"పోయినసారి పోయినట్టే. అప్పుడు కూడా నిన్ను అడగలా సుశీల్. చెప్పినాను, అంతే."