తూము మూసిన పూట

ఇందిర మా పేట నూతిలోంచి తోడిన బిందెడు నీళ్లు తెచ్చి బంగారరాజు ముందు పెట్టింది.

“తాగండి! మా పిల్లలు తాగుతున్నారు కదండీ. ఓ గుక్కెడు మీరూ తాగి చెప్పండి.”

ఆయన తాగలేదు. ఆయన మనుషులు ఆమెను జుట్టు పట్టుకుని చెరువుగట్టు మీంచి ఈడ్చిపారేశారు. నేను కళ్లారా చూశాను.

అంతర్వేది వైపు, ఉప్పుటేటి పక్కన మా పేట. ఏటికీ పొలాలకీ మధ్య మడ అడవి ఉండేది. బంగారరాజు దాన్ని కొట్టించి రొయ్యల చెరువులు తవ్వించాడు. పోటు వచ్చినప్పుడల్లా తూము ఎత్తి ఉప్పునీళ్లు పెడతాడు. ఆ ఉప్పు మా నూతిలోకి దిగింది. వరి ఎర్రబడి చచ్చింది. దాచడమెందుకు, మడ నరికింది మేమే. కూలి ఎక్కువిస్తానంటే ఎగబడి నరికాం. కూర్చున్న కొమ్మను నరుక్కున్న తెలివి మాది!

నేను బడిపంతుల్ని. పదకొండు అర్జీలు రాశాను. పదకొండింటికీ రసీదులిచ్చారు. రసీదులు తాగితే దాహం తీరేదైతే మా పేటంత సుఖం ఎక్కడా ఉండేది కాదు.

ఆ సాయంత్రం చర్చి అరుగు మీద జనం కూడారు. ఇందిర భర్త ఆనందరావు లేచాడు.

“పంతులుగారూ, కాయితాలు చాలండి. వరదకి ఏటిగట్టు తెగితే అర్జీ ఎడతామేంటండి? ఇంటికొకళ్లం ఎల్లి పూడుస్తాం. ఈ తూమూ గండేనండి.”

“కేసులెడతారొరేయ్,” అన్నాడు పెద్దాయన ప్రకాశరావు.

“ఎట్టనీండి బాబాయ్! ఉప్పు తాగి చచ్చేకన్నా నయం.”

మర్నాడు పొద్దున్నే, ఏటినీరు వెనక్కి లాగిన పాటు వేళ, ఇంటికొకరు కదిలారు. తాటిమొద్దులు దిగ్గొట్టి, కొబ్బరిమట్టలు అడ్డం పేర్చి, చేతి నుంచి చేతికి బంకమట్టి అందించాం. మధ్యాహ్నం పోటెక్కేలోగా తూము మూతపడాలి.

సగం పూడేసరికి పొక్లెయిన్ వచ్చింది.

“తొక్కించెయ్యరా!” వెనక కారులోంచి బంగారరాజు అరిచాడు.

ఆనందరావు మొద్దులకు అడ్డంగా నిలబడ్డాడు. మిషను ఇనప తొట్టె అతని రొమ్ము మీద పడింది. ఎముకలు విరిగిన చప్పుడు విన్నాను. ఇప్పటికీ వింటున్నాను.

జనం మిషను మీద పడ్డారు. అద్దాలు పగిలాయి, డ్రైవరు దూకి పారిపోయాడు. రౌడీలు ఇనప రాడ్లతో దిగి, మట్టి అందిస్తున్న సుందరమ్మ చెయ్యి విరగ్గొట్టారు. మేమూ పలుగులూ పారలూ ఎత్తాం. తలలు పగిలాయి, మావీ వాళ్లవీ. చివరికి కారు వెనక్కి తిరిగింది.

శవాన్ని రోడ్డు మీద పెడదామని కొందరు, ముందు ఇంటికి చేర్చాలని కొందరు కేకలు వేసుకుంటున్నారు. ఇందిర భర్త తల ఒళ్లో పెట్టుకుని గొల్లుమంది. అంతలో ఆమె కాళ్ల దగ్గరికి నీళ్లొచ్చాయి.

“పోటెక్కుతుందండి,” అంది.

ఎవరూ కదల్లేదు.

“ఈయన్ని తర్వాత లేపుదురుగాని. గండి ఇడిచేసి శవాన్ని మోస్తారా? మట్టందుకోండి!”

భర్తను గట్టు మీద పడుకోబెట్టి, వరసలో అతను నిలబడ్డ చోటే నిలబడింది. ఏడుస్తూనే మట్టి అందించాం. మధ్యాహ్నం పోటు వచ్చి గట్టును కొట్టింది. ఆగింది. అప్పుడు ఆనందరావును లేపాం.

చంపినవాణ్ణి వదిలేసి పోలీసులు మమ్మల్ని పట్టుకెళ్లారు, ఇరవైముగ్గుర్ని. స్టేషన్‌కు కూడు తెచ్చిన ప్రకాశరావు సమాధి దగ్గరి సంగతి చెప్పాడు. ఆఖరి మట్టి వేసి ఇందిర జనం వైపు తిరిగిందట.

“దిగువన ఆ బంగారరాజువి ఇంకో రెండు తూములున్నాయండి. రేపు పాటు ఎనిమిదింటికి.”

మట్టికొచ్చిన చుట్టుపక్కల మూడు పేటల జనం ఒక్క గొంతుతో “ఆయ్” అన్నారట.