గోడకు నేర్పిన మేకల పెంపకం

మా చర్చిలో ప్రతి నెలా బియ్యం మూటలు పంచేవారు. మూట అయిపోగానే మళ్ళీ వెళ్ళి వరసలో నిలబడేవాళ్ళం. కొత్తగా వచ్చిన పాస్టరు గారు ఆ వరసను చాలాసేపు చూసి, ఒక ఆదివారం, "మూట ఇస్తే నెల గడుస్తుంది. మేకనిస్తే ఇల్లు నిలబడుతుంది" అన్నారు.

వెనక బెంచీ నుంచి మా పెద్దమ్మ, "ముందు ఆ మేక నిలబడాలి కదండీ!" అంది. అందరూ నవ్వారు. అమ్మా నేనూ నవ్వలేదు. పెద్దమ్మ మాటలకు నవ్వకూడదని మా ఇంట్లో నియమం.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్నగారి భార్య. పక్కిల్లే. మధ్యలో నడుమెత్తు గోడ. మూడేళ్ళ క్రితం అమ్మ ఆవిడకు వాడుకుని ఇమ్మని ఒక బకెట్ ఇచ్చింది. అది పిడి లేకుండా తిరిగొచ్చింది. పిడి లేకుండానే ఇచ్చావని పెద్దమ్మ అంది. అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు. నాన్నా, పెదనాన్నా మాత్రం గోడ మీద మోచేతులు ఆనించి హాయిగా కబుర్లు చెప్పుకుంటారు. అమ్మ కనబడితే చాలు, ఇద్దరూ వాన వస్తుందేమో చూస్తున్నట్టు ఆకాశంలోకి చూస్తారు.

మొదటి మేక మాకే వచ్చింది. వచ్చేటప్పటికే చూలుతో ఉంది. అది నడిచే ఠీవి చూసి నాన్న దానికి దొరసాని అని పేరు పెట్టాడు. షరతు ఒక్కటే. దానికి పుట్టే మొదటి పెంటిపిల్లను, అంటే ఆడ మేకపిల్లను, పెంచి పక్కింటివాళ్ళకు ఇవ్వాలి, మేకను సాకడం కూడా నేర్పాలి. తీసుకునేవాళ్ళు చర్చిలో నిలబడి, ఏం నేర్చుకున్నారో, ఎవరు నేర్పారో అందరి ముందూ చెప్పాలి. చెప్పకపోతే తల్లీపిల్లా రెండూ వెనక్కి వెళ్ళిపోతాయి.

పక్కిల్లు అంటే పెద్దమ్మ.

ఇక చూడండి. ఇటు అమ్మ, "ప్రభువా, పోతుపిల్లనే ఇవ్వు" అని గట్టిగా ప్రార్థన. అటు పెద్దమ్మ, "ప్రభువా, పెంటిపిల్లనే ఇవ్వు" అని ఇంకా గట్టిగా. ఎవరి మాట వినాలో దేవుడికి తోచలేదేమో, అనుకున్న రోజు దాటిపోయాక గానీ దొరసాని ఈనలేదు. పెంటిపిల్ల! గోడ అవతల చప్పట్లు వినిపించాయి.

కానీ అప్పటి నుంచి తమ్ముడికి పాలు దొరికాయి. మిగిలినవి అమ్మ టీ కొట్టుకు పోసేది. పిల్ల మేత మేసే వయసుకు వచ్చాక, "నేర్పుతావా మరి?" అని నాన్న భయపడుతూ అడిగాడు.

"ఆ మూటల వరసలో మళ్ళీ నిలబడమంటే నా వల్ల కాదు. నేర్పుతాను. మాట్లాడను మాత్రం" అంది అమ్మ.

మాట్లాడకుండా నేర్పడం ఎలా? మధ్యలో నన్ను నిలబెట్టారు. బడిలో హాజరు పిలిస్తే పలకలేక చెయ్యెత్తే పిల్లని నేను!

"మేక పడుకునే చోటు పొడిగా ఉండాలని మీ పెద్దమ్మకి చెప్పవే."

పెద్దమ్మ జానెడు దూరంలోనే ఉంది. అయినా ఆవిడ వైపు తిరిగి, "పొడిగా ఉండాలంట పెద్దమ్మా" అన్నాను.

"ఎందుకో అడుగు మీ అమ్మని."

"ఎందుకంట అమ్మా?"

"గిట్టలు చెడతాయని చెప్పు. ఆ మాత్రం తెలీనివాళ్ళకి మేకెందుకో కూడా అడుగు."

రెండో మాట నేను మింగేశాను.

"ఏదో మింగేసింది! ఏమందే మీ అమ్మ?"

"నువ్వు బాగా నేర్చుకుంటున్నావంది పెద్దమ్మా."

"నేనా మాట అనలేదు!" అంది అమ్మ.

వారం తిరిగేసరికి, పుట్టిన దగ్గర నుంచి మాట్లాడనిదంతా మాట్లాడేశాను. గొంతు పూర్తిగా పోయింది. దాంతో అమ్మ పాఠాలు గోడకు చెప్పడం మొదలుపెట్టింది. పెద్దమ్మ అనుమానాలు గోడనే అడిగేది. గోడ మొహం చూసి విసుగు పుట్టాక అమ్మ దొరసాని వైపు తిరిగి, "తడి గడ్డి పెడితే పిల్ల పొట్ట ఉబ్బుతుందే దొరసానీ" అని చెప్పింది. దొరసాని శ్రద్ధగా వింది.

శనివారం పిల్లను అలవాటు కోసం పెద్దమ్మ ఇంట్లో ఉంచాం. పొద్దు వాలుతుండగా గోడ అవతల నుంచి ఒక కేక.

"చెల్లీ! పిల్ల పొట్ట డోలయిపోయిందే!"

అమ్మ గిన్నెలు తోముతోంది. నురగ చేతులతోనే నూనె సీసా అందుకుని, గోడెక్కి దూకేసింది. నేను వెనకాలే పాకాను.

"ముందు కాళ్ళు పైకెత్తు అక్కా!"

"నావా?"

"నీవెత్తితే దానికేం తగ్గుతుంది? దానివి! ఎడమ పక్క రుద్దు!"

"నా ఎడమా, దాని ఎడమా?"

"దానిదే! అయ్యో, అది తోక!"

అమ్మ పిల్ల నోటి పక్క నుంచి కొంచెం కొంచెంగా నూనె పోసింది. పెద్దమ్మ రుద్దింది, ఏడ్చింది, మళ్ళీ రుద్దింది. నేను గొంతు లేని ప్రార్థన చేశాను. చివరికి పిల్ల పెద్దమ్మ మొహం మీదే పెద్ద త్రేన్పు త్రేన్చింది. చర్చి గంట కూడా నాకెప్పుడూ అంత ఇంపుగా వినిపించలేదు.

"తడి గడ్డి వద్దని చెప్పానుగా!" అంది అమ్మ.

"నాకెప్పుడు చెప్పావు? మేకకి చెప్పావు. అది నాకు చెప్పలేదు!"

ఇద్దరూ ఒక్కసారి ఆగిపోయారు. మూడేళ్ళ తర్వాత మాట్లాడేశామని అప్పుడు తెలిసొచ్చింది.

"ఇది లెక్కలోకి రాదు" అంది అమ్మ.

"అస్సలు రాదు" అంది పెద్దమ్మ.

మర్నాడు చర్చిలో పెద్దమ్మ పిల్లను చంకనెత్తుకుని ముందుకెళ్ళింది. పొడి చోటు, గిట్టలు, తడి గడ్డి, అన్నీ గడగడా అప్పజెప్పింది.

"బాగుందమ్మా. ఎవరు నేర్పారు?" అని అడిగారు పాస్టరు గారు.

పెద్దమ్మ పెదవులు బిగించింది. అమ్మ నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది.

"గోడ" అంది పెద్దమ్మ.

"గోడా?"

అమ్మ కళ్ళు మూసుకుంది. పాస్టరు గారు, షరతు తప్పితే వెనక్కి ఇచ్చేయాలని మేం తెచ్చి బయట కట్టేసిన దొరసాని వైపు దిగులుగా చూశారు. చంకలో పిల్ల మళ్ళీ చిన్నగా త్రేన్చింది. పెద్దమ్మ దాని పొట్ట తడిమి చూసుకుని, గట్టిగా నిట్టూర్చింది.

"ఆ గోడ దూకొచ్చిన మా చెల్లి. మోకాలు కూడా గీరుకుపోయింది పాపం. అదే నేర్పింది."

చర్చంతా చప్పట్లు. అమ్మ కళ్ళు తుడుచుకుంటూ లేచి, "మా అక్క బాగానే నేర్చుకుందండీ. బకెట్ సంగతి వేరే" అంది.

"ఏం వేరే? పిడి లేకుండానే ఇచ్చావు!"

"అక్కా! దేవుడి ముందు అబద్ధమా?"

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, మధ్యలో ఎవరూ లేకుండా, కరువుతీరా పోట్లాడుకున్నారు. దొరసాని మాదే, ఇక వరసలో నిలబడక్కర్లేదు అని నేను సంతోషంగా వెనక్కి వాలాను.

పాస్టరు గారు గొంతు సవరించుకున్నారు. "సరే, ఈ పిల్లకి పుట్టే పెంటిపిల్ల ఎవరికంటే, వీళ్ళకి అటు పక్కింట్లో ఉండే మన కీబోర్డు ఆవిడకి."

ఆవిడ చర్చిలో పాటలకు కీబోర్డు వాయిస్తుంది, నేను కీబోర్డు అత్త అంటాను. పెద్దమ్మ పాడితే శ్రుతి తప్పుతుందని అత్త ఒకసారి అన్నందుకు, ఇద్దరికీ రెండేళ్ళుగా మాటల్లేవు.

పెద్దమ్మ మెల్లగా తిరిగి నా వైపు చూసింది. కీబోర్డు అత్త కూడా చూసింది. తర్వాత చర్చంతా చూసింది.

"నేను చెప్పను!" అని అరిచాను.

నాకంత గొంతుందని నాకే తెలియదు. బయట నుంచి దొరసాని బదులు పలికింది.